ఉప్పునీళ్లా, మంచినీళ్లా

శరత్ పుట్టింది మీనరాశిలో, పెరిగింది మీనమేషాలు లెక్కపెడుతూ. నలభై ఎనిమిదేళ్లు దాటినా ఆ లెక్క ఇంకా తెగలేదు. జమ్మలమడుగులో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయివస్తాడు. బస్సులో కూర్చుంటే ఇంట్లో గ్యాస్ కట్టేశామా లేదా అని బెంగ. ఇంట్లో కూర్చుంటే ఆఫీసులో ఫ్యాను కట్టేశామా లేదా అని బెంగ. ఆదివారం నాడు రెండూ కట్టేసి ఉన్నాయని ఖాయంగా తెలిస్తే, బెంగపడటానికి ఏమీ లేదంటే ఏదో మరిచిపోయి ఉంటానని బెంగ. పులివెందుల డాక్టరు దీనికి బీపీ అని పేరు పెట్టాడు గానీ, పెళ్లయిన మొదటి వారంలోనే సంగతి కనిపెట్టిన భార్య నాగశ్రీ ఆ మాటను విడగొట్టి చెప్పింది. బీ అంటే బెంగ, పీ అంటే పీకులాట.

ఆ డాక్టరే మాత్రల చీటీ చేతికిస్తూ, "ఇంట్లో ఒక చేపల తొట్టి పెట్టుకోండి. సాయంత్రం అరగంట దాని ముందు కూర్చోండి. మనసు నెమ్మదిస్తుంది" అన్నాడు.

"మేము బ్రాహ్మలం డాక్టరుగారూ" అన్నాడు శరత్.

"చూడమన్నానండీ. పులుసు పెట్టమనలేదు."

ఆ రాత్రి నుంచే శరత్ ఫోన్లో చేపల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. చూసేకొద్దీ పొలుసుల తళుకు మనసులోకి దిగింది. దాని వెనకే బెంగ కూడా దిగింది. చిన్న తొట్టి తెస్తే చేపలకు ఊపిరాడదేమో. మధ్యరకం తెస్తే రెండు చేపలు ఎదురైనప్పుడు తప్పుకునేందుకు చోటు చాలదేమో. ఇలా పెంచుకుంటూ పోయి చివరికి ప్రొద్దుటూరు బజార్లో అక్వేరియం అంగడి పెట్టుకున్న జమాల్ దగ్గర ఆరడుగుల తొట్టి చేయించాడు. ఈత రాని మనిషికి ఈతిబాధలు ఉండటం మామూలే గానీ, చేప పట్టకుండానే ఇంత పెద్ద పని చేపట్టిన మనిషి ఆ వీధిలో అంతకుముందు లేడు.

తొట్టి వచ్చిన రోజు దాన్ని గడప దాటించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. అద్దాల తొట్టి గుమ్మానికి అడ్డం పడింది. ఇటు తిప్పితే తలుపు, అటు తిప్పితే గోడ. మోసేవాళ్లకు చెమట పట్టింది. మోయకుండా చుట్టూ తిరుగుతున్న శరత్‌కు అంతకంటే ఎక్కువ పట్టింది. ఇనుప స్టాండు మీద కడప బండ, బండ మీద మెత్త, మెత్త మీద తొట్టి. అంతా కుదిరాక శరత్ వంగి నేల వైపు చూశాడు.

"జమాల్, నీళ్లు పోస్తే బరువు నాలుగు క్వింటాళ్లు దాటుతుందన్నావే. నేల కుంగదు గదా?"

"కింద ఉండేది భూమి సామీ" అన్నాడు జమాల్. "ఇంగ అది యాడికి కుంగుతాది?"

శరత్ తల్లి మంగమ్మ ఇదంతా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. వేళాకోళమాడినా ముఖం కదలదు గనక, ఆమె వేళాకోళమాడుతుందో లేదో ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ రూఢిగా తెలియదు.

"ఇంత తొట్టి ఎందుకురా శరత్తూ? నిన్ను పండబెట్టి ఊపేదానికా?"

"చేపలకమ్మా. డాక్టరు చెప్పినాడు."

"డాక్టరు చెప్తే పెట్టుకో. నేను వద్దనను. ఒక మాట మాత్రం విను." ఆమె హాల్లోకి వచ్చి అద్దం మీద వేలు ఆనించింది. "నోరులేని ప్రాణాలను కోరి తెచ్చుకుంటాండావు. రేపు వాటిలో ఒక్కటి పోయినా ఇల్లు మైల. మైలపడిన ఇంట్లో నేను పొయ్యి వెలిగించను, మెతుకు ముట్టను. పులివెందులకు పోయి చిన్నోని కాడ ఉంటా. ఇంగ నన్ను పిలిచేదానికి రావద్దు."

అమ్మ మైల అంటే శరత్ చెవికి మైళ్లు అని వినబడింది. పులివెందుల పేరు వింటేనే పులి వెంటపడినట్టయింది. ఎందుకంటే మంగమ్మ మాట అంటే మాటే. శరత్ పెళ్లిలో వియ్యపురాలు కాఫీ చల్లారిందని ఏదో అన్నందుకు ఆ రోజు కాఫీ గ్లాసు కింద పెట్టిన మనిషి, ఇప్పటిదాకా మళ్లీ ఎత్తలేదు. భర్త పోయాక ఆమె పులివెందులలో చిన్నకొడుకు దగ్గరే ఉండిపోయింది. శరత్ ప్రతి పండక్కీ పోయి బతిమాలేవాడు. ఆమె ఊ అనేది కాదు. పోయినేడు ఏ పండగా లేని ఒక మంగళవారం నాడు తనంతట తనే సంచీ పట్టుకుని ప్రొద్దుటూరు బస్టాండులో దిగింది. "నీ మొహంలో రక్తం లేదని నాగశ్రీ ఫోన్లో చెప్పింది, చూసిపోదామని వచ్చినా" అంది. చూసి, పోలేదు. ఆ రోజు నుంచి శరత్‌కు రాత్రి పూట నిద్ర పడుతోంది. పక్కగదిలోంచి అమ్మ దగ్గు వినిపిస్తే చాలు, లేచి గ్యాస్ చూసుకోవాలన్న ఆలోచన కూడా రాకుండా అటు తిరిగి పడుకుంటాడు. మాత్రలు చేయలేని పని ఆ దగ్గు చేస్తోంది. ఇప్పుడు ఆ దగ్గు ఉండటమా ఊడటమా అనేది ఎక్కడో పుట్టి, ఇంకా రాని చేపల చేతిలో పడింది. వాటికి చేతులు కూడా ఉండవు.

ఇక నీళ్ల సంగతి.

ఆ ఊర్లో ఏ ఇంట్లోనైనా నీళ్లు రెండు రకాలు. బోరులోంచి వచ్చేవి ఉప్పునీళ్లు. వాటితో గిన్నెలు తోముతారు, ఒళ్లు తోముతారు. పప్పు ఉడకదు, సబ్బు నురగరాదు, బకెట్టు అంచున తెల్లగా సుద్ద కడుతుంది. ప్లాంటు నుంచి క్యాన్లలో వచ్చేవి మంచినీళ్లు. అవి తాగడానికి. ఉప్పునీళ్లలో నిజంగా ఉప్పుందా అని ఎవరూ నాలుక పెట్టి చూడరు. తాతల నాటి నుంచీ ఆ పేరు అంతే. శరత్ బోరు నీళ్లను నమ్మలేదు. తొట్టిలో ఇరవై క్యాన్ల మంచినీళ్లు పోయించాడు. మోటారు తిరిగింది, బుడగలు లేచాయి, లైటు వెలిగింది. నాలుగు మూలలా వేలితో రాసి చూశాడు. తొట్టి చుక్క కూడా కారలేదు. కారుతుందేమో అన్న ఆలోచనకే ఆయన నీరుగారిపోయాడు.

చేపలు చెన్నై నుంచి రావాలి. అక్కడ ఉమైర్ అనే హోల్‌సేల్ వ్యాపారి ఉన్నాడు, నెల్లూరు వైపు మనిషి. జమాల్ అతనికి శరత్ నంబరు ఇచ్చి, పార్టీతో నువ్వే మాట్లాడుకుని రంగురంగులవి పంపమన్నాడు.

ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరు బస్టాండులో పార్సిల్ దిగింది. తెల్లటి థర్మోకోల్ పెట్టె. శరత్, జమాల్ దాన్ని జమాల్ వ్యాన్ దగ్గరికి మోసుకుపోయి మూత తీశారు. లోపల ఒక్కొక్క కవరులో ఒక్కొక్కటిగా ఎనిమిది చేపలు. నాలుగు నారింజ రంగువి, ఒంటి మీద తెల్లటి పట్టీలు. నాలుగు నీలంవి. ఎంత నీలమంటే, ఎవరో ఇప్పుడే ఇంకులో ముంచి తీసినట్టు.

"ఎంత బాగుండాయి" అన్నాడు శరత్. ఆ వారంలో ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి నిమ్మళమైన మాట అది.

జమాల్ ఒక కవరు ఎత్తి వెలుతురులో పట్టి చూశాడు. ఇంకొకటి ఎత్తి చూశాడు. మూడోది కూడా చూశాడు.

"ఏమప్పా, ఏమైంది? చచ్చినాయా?"

"చావలే సామీ. బాగుండాయి."

"మరి అట్ల చూస్తాండావే?"

"ఇవి సముద్రం చేపలు సామీ" అన్నాడు జమాల్ మెల్లగా. "మీ తొట్టిలో ఏస్తే గంట గూడా నిలబడవు."

శరత్ పెట్టె పక్కన ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. బస్టాండు మొత్తం ఒక్కసారి ఉప్పెన వచ్చినట్టు ఊగింది.

"సముద్రం చేపలు నేను యాడ అడిగినా?"

జమాల్ వెంటనే ఉమైర్‌కు ఫోన్ కలిపాడు. అవతలి గొంతు పక్కన నిలబడినవాళ్లకు కూడా వినిపించేంత పెద్దది.

"నేను పోయిన బుధవారం సార్ నంబరుకి చేశానండీ. సార్ ఆఫీసుకి ఫోన్ మరిచిపోయి వెళ్లారంట, వాళ్ల అమ్మగారు తీశారు. అమ్మా, మీది ఉప్పునీళ్లా, మంచినీళ్లా అని అడిగా. ఉప్పునీళ్లేనని చెప్పారు. సముద్రం చేపలు ఖరీదైన యవ్వారం కదండీ, అందుకని ఒకటికి రెండుసార్లు అడిగా. రెండుసార్లూ అదే చెప్పారండీ."

జమాల్ ఫోన్ జేబులో పెట్టుకుని శరత్ మొహం వైపు చూశాడు. శరత్ కళ్ల ముందు ఆ బుధవారం బొమ్మ కట్టింది. వంటింట్లో అమ్మ, తడి చేయి పైటకు తుడుచుకుని ఫోన్ తీసి ఉంటుంది. ఎవరో మర్యాదస్థుడు ఇంట్లో నీళ్ల సంగతి అడిగితే, మర్యాదగా ఉన్న మాట చెప్పి ఉంటుంది. మా ఇంట్లో ఉప్పునీళ్లేనప్పా, మంచినీళ్లు కొనుక్కుంటాం. ఆ రెండో ముక్క అతను పట్టించుకుని ఉండడు. పోలీసులకు ఉప్పందించేవాళ్లను గురించి శరత్ విన్నాడు గానీ, ఇంట్లో కూర్చుని చెన్నైకి ఉప్పందించిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. పైగా అందులో ఆమె తప్పు నలుసంత కూడా లేదు.

అసలు చిక్కు అదే. చెప్తే, నా మాటవల్లనే గదా అని అమ్మ నొచ్చుకుని పోతుంది. చెప్పకపోతే చేప చచ్చి, ఆ మైలకు పోతుంది. ఉప్పులో ఇంత ముప్పుందని పప్పులో వేసుకునే వాళ్లెవరికీ తెలియదు.

"సాయంత్రం దాకా కవర్లలో గాలి ఉంటాది. భయం లేదు" అన్నాడు జమాల్. "మనకు కావాల్సింది సముద్రం ఉప్పు. మామూలు ఉప్పు పనికిరాదు. చెన్నై నుంచి తెప్పిస్తే రేపు పొద్దున వస్తాది. అంతసేపు ఆగవు. జమ్మలమడుగులో మా బావమరిది దస్తగిరి హోటల్లో యాపారం కోసమని రెండేండ్ల కిందట సముద్రం తొట్టి పెట్టినాడు. తొట్టి పగిలిపాయె గానీ, ఉప్పు డబ్బా ఇంగా ఉండాలి."

"ఉండాలా, ఉండాదా?"

"ఫోన్ ఎత్తడంల్యా సామీ. ఆదివారం గదా, పెనం కాడ ఉంటాడు. పోదాం రా."

పేరులోనే మడుగు ఉన్న ఊరు, చేపలకు బతుకు దొరికితే అక్కడే దొరకాలి. శరత్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని వ్యాన్‌లో కూర్చున్నాడు. రోజూ బస్సులో కునుకుతీసే దారిలో ఇన్ని స్పీడు బ్రేకర్లు ఉన్నాయని ఆయనకు ఇవాళే తెలిసింది. ప్రతి కుదుపుకూ పెట్టెలోంచి నీళ్లు గలగలమనేవి, ఆయన మూత మీద రెండు చేతులూ అదిమేవాడు.

దారిలో నాగశ్రీ ఫోన్ చేసింది.

"ఏమండీ, చేపలు వచ్చినాయా?"

"వచ్చినాయి... అంటే... వస్తాండాయి" అని నీళ్లు నమిలాడు శరత్. అవి ఏ నీళ్లో చెప్పే ధైర్యం లేదు.

"బిన్న రాండి. అత్తయ్య తలుపు కాడ ముగ్గేసింది. కొత్తగా ఇంటికి వచ్చే ప్రాణాలు గదా, దిష్టి తీయాలని పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి పెట్టుకోనుండాది."

ఉప్పునీళ్లు, మంచినీళ్లు చాలలేదని ఇప్పుడు ఎర్రనీళ్లు కూడా. శరత్ ఫోన్ పెట్టేసి జేబులోంచి మాత్ర తీసి నీళ్లు లేకుండానే మింగాడు. నీళ్లంటేనే నమ్మకం పోయింది.

దస్తగిరి హోటలు జమ్మలమడుగు బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. దస్తగిరి భారీ మనిషి. ఒక చేత్తో దోశ తిప్పుతూనే బావ చెప్పిందంతా విన్నాడు.

"ఉప్పు డబ్బానా?" అన్నాడు. గొంతు ఎందుకో తగ్గించాడు. "ఉండాలే బావా. వెనక రూములో ఉండాది."

"ఎంత ఉండాది?"

"శానానే ఉండె."

"ఉండె అంటే?"

దస్తగిరి దోశ తీసి ప్లేటులో వేశాడు. గిరాకీలు వినకుండా ముందుకు వంగాడు. "ఒకరోజు పొద్దున ఉప్పు అయిపాయె బావా. అంగళ్లు తెరవలే. మాస్టరుకు ఏం తెలుసు, ఇంగ్లీషు అక్షరాలుండే డబ్బా, మంచి ఉప్పనుకున్యాడు. రెండు దినాలు సాంబార్లో ఏసినాడు."

"సముద్రం ఉప్పు సాంబార్లోనా?"

"ఎవరూ ఏమనలే బావా. ఒగాయప్ప మాత్రం, దస్తగిరీ, సాంబారు ఈరోజు ఎక్కడికో తీసుకపోతాంది అన్యాడు."

శరత్‌కు నవ్వు రాలేదు. డబ్బా తెచ్చి మూత తీస్తే సగానికి పైగానే ఉంది. తేమకు గడ్డకట్టి రాయిలా ఉంది. ఆ సీమలో బండలకు కొదవలేదు గానీ, కరిగే బండను ఆయన మొదటిసారి చూశాడు.

"సరిపోతుందా జమాల్?"

"చూద్దాం సామీ. సరిపోవాల."

ప్రొద్దుటూరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గుమ్మంలో మంగమ్మ పళ్లెంతో సిద్ధంగా ఉంది. పెట్టెకు మూడుసార్లు దిష్టి తిప్పి, ఎర్రనీళ్లు వీధిలో పారబోసింది. "ఏవీ, చూపించు" అంది. మూత తీస్తే వంగి చూసింది. ఆ పట్టీల చేప ఒకటి కవరు అంచుకు వచ్చి ఆమె మొహం వైపు చూసింది.

"విభూతి రేకలు పెట్టుకున్యాయి" అంది.

ఆ ఒక్క మాటతో శరత్ గుండె ఇంకొంచెం కిందికి జారింది. అమ్మకు అవి నచ్చాయి.

తర్వాతి పని హాల్లో జరిగింది. జమాల్ డబ్బా ఉప్పును సుత్తితో పగలగొట్టి, బకెట్లలో కరిగించి తొట్టిలో పోస్తున్నాడు. ఉప్పు కొలిచే గాజుగొట్టం ఒకటి నీళ్లలో తేలవిడిచి, అది ఎంత మునిగిందో చూసి ఇంకో బకెట్టు కలుపుతున్నాడు. "ప్లాంటు నీళ్లు పోసి మంచిపని చేసినారు సామీ. ఈ ఉప్పుకు అవే కావాల" అన్నాడు. మంచినీళ్లు మంచివి కావడం ఆ రోజు జరిగిన ఒకే ఒక మంచి.

శరత్ నాగశ్రీని పెరట్లోకి పిలిచి అంతా చెప్పాడు.

"అత్తయ్యకు తెలియనీయొద్దు" అంది ఆమె వెంటనే. "తెలిస్తే ఉండదు."

"చేప పోతే కూడా ఉండదు."

"అయితే చేపను పోనీయొద్దు" అంది నాగశ్రీ. భర్తకు ఇలాంటి సులువైన ఉపాయాలు చెప్పీ చెప్పీ ఆమెకు అలవాటైపోయింది.

వాళ్లు లోపలికి వచ్చేసరికి మంగమ్మ బకెట్ల పక్కన నిలబడి ఉంది.

"మంచినీళ్లలో ఉప్పు ఏస్తాండారేందిరా?"

"కొత్త తొట్టి గదమ్మా. కడిగేదానికి" అన్నాడు శరత్.

"నీళ్లు పోసినాక కడుగుతారా ఎవరన్నా?"

అప్పుడే జమాల్ ఫోన్ మోగింది. చేతులు రెండూ ఉప్పునీళ్లలో ఉండటంతో అతను మోచేత్తో నొక్కాడు. స్పీకరు నొక్కుకుంది. ఉమైర్ గొంతు హాలంతా పరుచుకుంది.

"జమాల్ భాయ్, చేపల్ని నీళ్లలో వదిలారా అండీ? నాకు మనసు ఊరుకోవడం లేదు. నా తప్పేం లేదండీ, పెద్దావిడే ఉప్పునీళ్లని చెప్పారు. అయినా ఇంకోసారి మీతో అనాల్సింది. సముద్రం చేపలు పాపం, మంచినీళ్లలో పడితే..."

జమాల్ ముక్కుతో నొక్కి ఫోన్ ఆపేశాడు. అప్పటికే చెప్పాల్సిందంతా చెప్పేసింది అది.

మంగమ్మ తొట్టి వైపు చూసింది. బకెట్ల వైపు చూసింది. కొడుకు వైపు చూడలేదు. మెల్లగా తన గదిలోకి పోయింది. కాసేపటికి లోపలి నుంచి సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

ఆ జిప్పు శరత్ గుండె మీదుగా లాగినట్టయింది. లోపలికి పోయి ఏం చెప్పాలో తెలియలేదు. చేపలు బతికితే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుందని, వాటికి అలవాటయ్యేలా తొట్టి నీళ్లు చుక్కచుక్కగా కవర్లలోకి ఎక్కిస్తున్న జమాల్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక్కొక్కటే తొట్టిలోకి దిగాయి. పట్టీలవి నాలుగూ ఒకటి వెనక ఒకటి తిరిగాయి. నీలంవి మూడు రాళ్ల వెనక దాక్కున్నాయి. నాలుగోది పక్కకు ఒరిగింది. సర్దుకుంది. మళ్లీ ఒరిగింది.

"పుంజుకుంటాది" అన్నాడు జమాల్. అన్న తీరులోనే పుంజుకోదని తెలిసిపోయింది.

వీధిలో ఎండ తగ్గి, ఎదురింటి నీడ గుమ్మం దాకా వచ్చేసరికి ఆ నీలం చేప పైకి తేలింది. జమాల్ చిన్న వలతో తీసి శరత్ చేతిలో పెట్టాడు. చిటికెన వేలంత కూడా లేదు. రంగు అప్పుడే కాస్త తగ్గుతోంది. ఇంత తేలికైనదానికి ఇంత బరువు ఎలా వచ్చిందో శరత్‌కు అర్థం కాలేదు. గుప్పిట మూసి లేచాడు.

వెనక మంగమ్మ నిలబడి ఉంది. చేతిలో సంచీ ఉంది.

"చేయి తెరువు."

తెరిచాడు.

"నేను చెప్పిన ఉప్పుకే గదా ఇది పోయింది?"

"లేదమ్మా. బస్సులో వచ్చి వచ్చి అలిసిపోయి..."

"అబద్ధమాడితే నీకు ఎడమకన్ను కొట్టుకుంటాది. చిన్నప్పటి నుంచీ అంతే. కొట్టుకుంటాంది చూడు."

"అమ్మా, తప్పు మీది గాదు" అన్నాడు జమాల్. "మన తట్టు ఉప్పునీళ్లంటే బోరునీళ్లని మావోనికి నేను చెప్పుండాల."

"నువ్వు గమ్మునుండు నాయనా. ఆ అబ్బి రెండుసార్లు మర్యాదగా అడిగినాడు. నేను గూడా రెండుసార్లు మర్యాదగా చెప్పినా. నీళ్ల గురించి అడిగినాడనుకున్యా. చేపల గురించి అడుగుతాండాడని నాకేం తెలుసు?" ఆమె సంచీని ఇంకో చేతికి మార్చుకుంది. "పెరట్లో నందివర్ధనం కింద గుంత తీయి. నాలుగు నువ్వులు, గుక్కెడు నీళ్లు వదులు."

శరత్ రెండడుగులు వేసి ఆగాడు. ఆ రోజంతా నలిగిన బుర్ర. నిజంగానే తెలియక అడిగాడు.

"ఏ నీళ్లమ్మా? ఉప్పునీళ్లా, మంచినీళ్లా?"

నాగశ్రీ తల దించుకుంది. జమాల్ తొట్టి వైపు తిరిగాడు. మంగమ్మ కొడుకును ఎగాదిగా చూసింది.

"ఏ నీళ్లల్లో పుట్టిందో ఆ నీళ్లే. తొట్టిలోంచి ముంచుకో."

గుంత తీసి, పూడ్చి, నీళ్లు వదిలి వచ్చేసరికి మంగమ్మ సంచీతో అలాగే నిలబడి ఉంది. శరత్ ఆమె పాదాల వైపు చూస్తూ అన్నాడు. "పులివెందుల బస్సుకు... నేనొచ్చి ఎక్కిస్తా అమ్మా."

"ఎందుకు?"

"నువ్వు పోతానంటివి గదా. చేప పోతే."

"అన్నా." ఆమె సంచీని నాగశ్రీ చేతికిచ్చింది. "ఇది లోపల పెట్టు. మైలతో ఒకరి గడప తొక్కుతారా ఎవరన్నా? చిన్నోని ఇంట్లో పసిబిడ్డ ఉండాది. ఈ మైల తీసుకపోయి ఆ బిడ్డకు అంటించమంటారా?"

నాగశ్రీ సంచీ అందుకుని, అత్తగారు మనసు మార్చుకునేలోపు లోపలికి నడిచింది. అక్కడితో ఊరుకుంటే అది శరత్ కాదు.

"మైల ఎన్ని దినాలమ్మా?"

"మూడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మిగతా ఏడూ బాగుంటే నేను పోయే పనేముండాది? పోతే మళ్లా మైల. మైలలో యాడికీ పోగూడదు."

శరత్ ఆ లెక్కను మనసులో కూడి చూశాడు. చేపలు బతికితే అమ్మ ఉంటుంది. చేపలు పోతే అమ్మ పోవడానికి లేదు. మళ్లీ కూడాడు. మళ్లీ అంతే వచ్చింది. ఇంత బాగా కుదిరిన లెక్కలో ఎక్కడో తప్పుంటుందని ఆయన భయం. అమ్మ మొహంలో వెతికాడు. అది ఎప్పటిలాగే కదలలేదు.

"పో, తలకు పోసుకుని రా" అంది ఆమె. "మైలతో తొట్టి ముట్టుకోవద్దు."

స్నానాల గదిలో నాలుగు చెంబులు పోసుకున్నాక, మోటారు ఆగిందేమోనని అనుమానం వచ్చి శరత్ తల తుడుచుకోకుండానే తలుపు కొంచెం తెరిచి చూశాడు. మోటారు తిరుగుతూనే ఉంది. మంగమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పెరట్లో బోరు దగ్గరే తలకు పోసుకున్నట్టుంది, తడి చీర, తడి జుట్టు. అద్దానికి దగ్గరగా వంగి వేలితో చేపలను లెక్కపెడుతోంది. అవి ఒక్కచోట నిలవడం లేదు. నీలంది ఒకటి రాయి వెనక్కి పోయింది. ఆమె వేలు గాలిలో ఆగింది. కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుని, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.